రెండుసార్లూ ఒకే జవాబు

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు నా చేత ఏదైనా రాయించాలని పట్టుబట్టారు. వాళ్లకు కావలసింది నేను పట్టుకున్న దొంగ లెక్కల కథలని నాకు తెలుసు. అలాంటివి రెండో మూడో ఉన్నాయి. వాటిని చెప్పుకుని చెప్పుకుని నాకే మొహం మొత్తింది. చెప్పిన ప్రతిసారీ నేను ఇంకొంచెం తెలివైనదాన్ని అయిపోతున్నాను కూడా. అందుకని ఈసారి, సరిగ్గా చేశాననుకుని పాడుచేసిన పని గురించి రాస్తాను. నచ్చకపోతే పక్కన పెట్టేయండి, నేనేమీ అనుకోను.

మాది బెంగళూరులో ఓ చిన్న సంస్థ. జనం బతుకుల మీద పరిశోధన చేసి ఎవరైనా వ్యాసం అచ్చు వేస్తే, దాన్ని నమ్ముకుని ఏ ప్రభుత్వ శాఖైనా ఏదైనా చేయబోయే ముందు ఆ వ్యాసాన్ని మాకు పంపేది. ఎవరిని అడిగారు, వాళ్లను ఎలా ఎంచుకున్నారు, ఏమని అడిగారు, కొలిచామంటున్నదాన్ని నిజంగానే కొలిచారా అని చూసి చెప్పడం మా పని. ముప్పై ఏళ్ల పైచిలుకు అదే చేశాను. రోజూ పొద్దున్నే మా ఊళ్లో, అంటే కోలారు బంగారు గనుల కేజీఎఫ్‌లో రైలెక్కి, సాయంత్రం మళ్లీ రైల్లోనే తిరిగి వచ్చేదాన్ని. కూర్చున్న రోజులకన్నా నిలబడ్డ రోజులే ఎక్కువ. చివరికొచ్చేసరికి నా మోకాళ్లూ నా ఉత్సాహమూ కలిసే అరిగిపోయాయి. ఇది సాకుగా చెప్పడం లేదు, కానీ ఇదీ ఒక కారణమే.

నేను పుట్టింది కేజీఎఫ్‌లోనే, మారికుప్పం వైపు లైన్లలో. లైన్లంటే గని కార్మికుల కోసం కట్టిన ఇళ్ల వరుసలు. ఒక గది, ముందు ఇరుకు వసారా, పక్కింటివాళ్లు దగ్గితే మనింట్లో వినిపించే గోడ. మా నాన్న సరిహద్దు నంగలి దాటాక వచ్చే ఒక ఆంధ్రా పల్లె నుంచి వచ్చి గనిలో దిగాడు. గని దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి, రొమ్ము జబ్బుతో పోయాడు. ఆయన పోయిన చాలా ఏళ్లకు గనులు కూడా మూసేశారు. నేను చదువుకుని, ఉద్యోగం వచ్చి, అదే ఊళ్లో బజారు వైపున్న రాబర్ట్‌సన్‌పేటకు మారాను. లైన్లలో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లు ఇంకా కొందరు ఉన్నారు.

నేను రిటైరవడానికి ఆరేడు నెలల ముందు ఒక వ్యాసం నా బల్ల మీదికి వచ్చింది. మంచి పత్రికలో అచ్చయింది. గనుల్లో పనిచేసి ముసలివాళ్లయిన మనుషుల ఆరోగ్యం గురించి, అదీ మా ఊరి లైన్ల గురించే. దగ్గు, ఆయాసం ఉన్నాయని చెప్పినవాళ్లు చాలా తక్కువ మందే అని తేలింది. వారానికి ఒకసారి లైన్లకు వచ్చే మందుల బండి అవసరం తగ్గిపోయిందనీ, ఉన్న ఆ కొద్దిమందీ ఆసుపత్రికి పోగలరనీ చివర్లో ఒక వాక్యం రాశారు. ఆరోగ్య శాఖవాళ్లు ఆ వాక్యాన్ని పట్టుకున్నారు. బండిని వేరే తాలూకాకు మార్చాలని ఉంది, ఈ పరిశోధన పద్ధతి సరైనదేనా చెప్పండి అని మమ్మల్ని అడిగారు.

తప్పు వెతకాలనే చదివాను. దొరకలేదు. ఇళ్లను చీటీలు తీసినట్టు ఎంచుకున్నారు. మనిషి ఇంట్లో లేకపోతే మళ్లీ మళ్లీ వెళ్లారు. ప్రశ్నలు వేరేచోట్ల వాడి చూసినవే. అన్నిటికన్నా నాకు నచ్చిందేమిటంటే, పది రోజుల తరవాత వాళ్లలో కొందరిని మళ్లీ అవే ప్రశ్నలు అడిగారు. రెండుసార్లూ ఒకే జవాబులు వచ్చాయి. ముసలివాళ్లను అడిగితే ఈ రోజు ఒకటి, రేపు ఒకటి చెప్పడం మామూలు. ఇంత నిలకడ నా ఉద్యోగంలో నేనెక్కడా చూడలేదు. అది చాలదన్నట్టు బండిలోని నర్సు రాసే రిజిస్టరు కూడా చూశారు. అందులోనూ అందరికీ ఒళ్లు నొప్పులు, నీరసం, అంతే. మనుషులు చెప్పిందీ పుస్తకంలో ఉన్నదీ సరిపోయాయి. ఇంతకన్నా ఏం కావాలి అనుకున్నాను.

నా కింద ఒక చిన్న అమ్మాయి పనిచేసేది. మాలూరు తాలూకా లక్కూరు పిల్ల. చురుకైనది. కొంచెం మొండిది కూడా. నా నివేదిక ముసాయిదా చదివి నా దగ్గరికి వచ్చి నిలబడింది.

"మేడం, మీది ఆ ఊరే గదా. ఒకతూరి పోయి చూసొద్దామా?"

"మనం చూడాల్సింది పద్ధతిని. ఊరిని కాదు."

"ఊరు చూడకుండా పద్ధతి ఎట్ల తెలుస్తాది మేడం?"

"తెలుస్తుంది. నువ్వు పుట్టకముందు నుంచీ నేను అట్లే తెలుసుకుంటా ఉండాను," అన్నాను. ఆ పిల్ల ముసాయిదా నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

ఎందుకంత కటువుగా అన్నానో నాకు తెలుసు. చాలా ఏళ్ల కిందట మా ఊరి మీద వచ్చిన ఇంకో వ్యాసాన్ని నేను తప్పుపడితే, సమావేశంలో మా సంస్థ పెద్దాయన నవ్వుతూ, ఆవిడకు సొంతూరి మీద ప్రేమ ఎక్కువ అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ మాట మాత్రం నాలో ఉండిపోయింది. మళ్లీ ఎవరూ అలా అనకూడదని కేజీఎఫ్ పేరు కనబడితే చాలు, నేను ఆ ఊరిదాన్నే కాదన్నట్టు చదవడం అలవాటు చేసుకున్నాను. దాన్ని నిష్పక్షపాతం అనుకునేదాన్ని. నివేదిక కింద, పద్ధతి సరైనదే, ఫలితాన్ని నమ్మవచ్చు అని రాసి సంతకం పెట్టాను.

రెండు నెలలు గడిచాయి. ఒక ఆదివారం రాబర్ట్‌సన్‌పేట మార్కెట్లో ఆకుకూరలు ఏరుకుంటుంటే ఎవరో భుజం పట్టుకున్నారు. మా నాన్నతో కలిసి గని షాఫ్ట్‌లో దిగిన ఆయన భార్య. నేను పెద్దమ్మా అని పిలుస్తాను. చిక్కిపోయింది.

"పాపా, నువ్వు బెంగళూరు ఆఫీసులో ఉండావు గదా. మా లైనుకి మందుల బండి నిలిచిపోయింది. ఎవుర్ని అడిగినా మాకు తెలీదంటారు. రోంత విచారించి చెప్తావా?"

"ఎప్పటినుంచి?"

"రెండు వారాలు పోయింది. మీ పెదనాయనకి ఊపిరికి పీల్చే గొట్టం మందు అయిపోయింది. పెద్దాసుపత్రికి పోదామంటే ఆటో దిగినాక ఆ క్యూలో నిలబడలేడు. నిలబడితే కదా డాక్టరు చూసేది."

విచారిస్తానని చెప్పాను. ఆ బండి ఆగింది నా సంతకంతోనేనని ఆమెకు చెప్పలేదు. మెంతికూర అక్కడే వదిలేసి ఇంటికి వచ్చానని తరవాత గుర్తొచ్చింది.

మర్నాడు ఆఫీసులో లక్కూరు అమ్మాయిని పిలిచి, ఆ వ్యాసంలోని ప్రశ్నలన్నీ టాబ్లెట్‌లో ఎక్కించమన్నాను. ఎందుకని అడగలేదు. అడిగితే ఏం చెప్పేదాన్నో నాకూ తెలియదు. ఆ శనివారం ఇద్దరమూ లైనుకు వెళ్లాం.

పెదనాయన వసారాలో బనీనుతో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి మొహం విప్పారింది. నా వెనక మెడలో గుర్తింపు కార్డు వేసుకుని, చేతిలో టాబ్లెట్‌తో వస్తున్న అమ్మాయిని చూడగానే మనిషి మారిపోయాడు. వీపు నిటారుగా పెట్టాడు. పక్కనున్న చొక్కా తీసి తొడుక్కుని, గుండీలు పైదాకా పెట్టుకున్నాడు. పెద్దమ్మ లోపలికి పోయి వచ్చింది. ఆమె చేతిలోంచి ఆయన చేతిలోకి ఏదో పోయింది. ఆయన మీసం తుడుచుకున్నట్టు చేయి నోటి దగ్గర పెట్టి తీశాడు. ఒక దవడ కొంచెం ఉబ్బింది.

అమ్మాయి ప్రశ్నలు మొదలుపెట్టింది.

"తాతా, మీకు దగ్గు ఉండాదా?"

"లేదమ్మా."

"మెట్లు ఎక్కితే ఆయాసం వస్తాదా?"

"ఈడ మెట్లు యాడ ఉండాయి? లేదని రాసుకో."

"పండుకున్నప్పుడు ఊపిరి ఆడక లేస్తారా?"

"పండుకుంటే తెల్లారే లేచేది."

ప్రతి జవాబూ ఒక్క ఊపిరిలో చెప్పి, నోరు మూసుకుని, తరవాతి ప్రశ్న కోసం కాచుకుని ఉన్నాడు. మెడ మీద నరాలు లేచాయి. అమ్మాయికి అదేమీ తెలియలేదు. టిక్కులు పెట్టుకుంటూ పోయింది.

ఆయన దవడలో ఉన్నది కలకండ. నాకు చూడగానే తెలుసు. కంపెనీ రోజుల్లో ఏడాదికోసారి డాక్టర్లు కూర్చుని రొమ్ములు పరీక్ష చేసేవారు. అన్‌ఫిట్ అని రాస్తే పని పోతుంది, పని పోతే ఇల్లు పోతుంది అని లైన్లలో అందరి భయం. అది ఎంతవరకు నిజమో నేనెప్పుడూ ఆరా తీయలేదు. భయం మాత్రం నిజం. అందుకే పరీక్ష రోజున ప్రతి ఆడది మొగుడి జేబులో కలకండ ముక్కలు వేసి పంపేది. దవడలో పెట్టుకుంటే గొంతు తడిగా ఉండి దగ్గు కాసేపు ఆగుతుంది. మా అమ్మ ముక్కలు కొట్టి పొట్లం కడుతుంటే చూస్తూ పెరిగాను. కంపెనీ పోయింది, డాక్టర్లు పోయారు, ఇళ్లు మాత్రం ఇంకా వీళ్ల పేరున కాలేదు. కాబట్టి ఫారం పట్టుకుని ఎవరొచ్చినా వీళ్లకు పరీక్షే.

ఇదంతా నాకు తెలియదని చెప్పుకుంటే ఎంత బాగుండేది. నా బల్ల మీద ఉన్న పట్టికలో దీనికి గడి లేదు, అందుకని నేనూ తీసి బయట పెట్టలేదు. అక్కడే, ఆ వసారా ముందు నిలబడి, నాకు విపరీతమైన సిగ్గేసింది.

పని అయ్యాక పెదనాయన రోడ్డు దాకా వస్తానని పట్టుబట్టాడు. వద్దన్నా వినలేదు. అమ్మాయి ఆయనతో ముందు నడిచింది, పెద్దమ్మా నేనూ వెనక. కొంచెం దూరం పోయాక ఆయన ఆగి, కరెంటు స్తంభానికి చేయి ఆనించి, చెప్పు వారు సరిచేసుకున్నాడు. ఇంకొంచెం పోయాక మోరీ గట్టు మీద కూర్చుని మళ్లీ అదే చెప్పు తీసి దులిపాడు. మూడోసారి రేషన్ అంగడి మెట్టు మీద. చెప్పుకు ఏమీ కాలేదు. లక్కూరు అమ్మాయి వెనక్కి తిరిగి నా మొహం చూసింది. ఆ పిల్ల లెక్కపెడుతోందని అర్థమైంది.

పెద్దమ్మ గొంతు తగ్గించి నాతో అంది, "చూసినావా పాపా, ఇంగా మర్చిపోలేదు."

"ఏమి పెద్దమ్మా?"

"ఆ టాబ్లెట్టు పిల్లోళ్లు వచ్చినప్పుడు కూడా ఇట్లే చెప్పినాడు. పది దినాలు ఆగి మళ్లా వచ్చి అవే అడిగినారు. చెక్ చేసేకి వచ్చినారని మాకు తెలిసిపోయింది. అప్పుడు కూడా ఇట్లే చెప్పినాడు. రెండుతూర్లూ పాసే."

నేను నడక ఆపేశాను.

"మా ఇంటాయన ఒక్కడే కాదు, ఈ లైన్లో అందరూ పాసే. ఒక్కరు కూడా నోరు జారలేదు. బండి నర్సమ్మ కూడా మంచిది, మేము చెప్పినట్ల ఒళ్లు నొప్పులనే రాసేది, మందు మాత్రం రొమ్ముకి ఇచ్చేది. అంత బాగా చెప్పినోళ్లకి బండి ఏమిటికి నిలిపేసినారు పాపా?"

దీనికి నా దగ్గర జవాబు ఉంది. మీకు తరగతిలో చెబుతారు కదా, ఒకే జవాబు మళ్లీ మళ్లీ రావడం వేరు, ఆ జవాబు నిజం కావడం వేరు అని. నేనే ఎన్నో తరగతుల్లో చెప్పాను. రెండు చోట్ల ఒకే మాట దొరికితే, రెండూ ఒకే మూలం నుంచి వచ్చాయేమో చూడమని కూడా చెప్పాను. పెద్దమ్మకు మాత్రం కనుక్కుంటానులే అని చెప్పి బస్సెక్కాను. బస్సులో అమ్మాయి నాతో ఒక్క ముక్క మాట్లాడింది. "ప్రశ్న మార్చాల మేడం. దగ్గు ఉండాదా అని కాదు, రేషన్ అంగడికి పోయేలోపల ఎన్ని చోట్ల నిలుస్తారు అని అడగాల." అది ముందే తట్టాల్సింది నాకు.

సోమవారం నా నివేదిక వెనక్కి తీసుకుంటున్నానని ఉత్తరం రాశాను. మా పెద్దాయన చదివి కళ్లద్దాలు తీశారు. ఇన్నేళ్లలో నేను ఒక్కటి కూడా వెనక్కి తీసుకోలేదనీ, రిటైరై పోయే ముందు ఇదెందుకనీ అడిగారు. సొంతూరి ప్రేమ అన్న మాట మళ్లీ వస్తుందని కాచుకుని ఉన్నాను. రాలేదు. వచ్చినా బాగుండేది, కోపం తెచ్చుకునే ఓపిక అయినా పుట్టేది. సంతకం పెట్టి పంపించారు.

వ్యాసం రాసిన ప్రొఫెసరుగారికి ఫోన్ చేశాను. మర్యాదస్తుడు, నా మాట పూర్తిగా విన్నారు. మేము అడిగాం, వాళ్లు చెప్పారు, అబద్ధం చెబుతున్నారనుకుంటే ఇక ఎవరినీ ఏమీ అడగలేం కదా అన్నారు. ఒక ముసలాయన దవడలో కలకండ ఉందంటే దాన్ని ఆధారమని ఎలా అంటారు అని కూడా అడిగారు. నేను ఆయన స్థానంలో ఉన్నా అదే అడిగేదాన్ని. కొన్నాళ్లకు అదే పత్రికలో మూడు లైన్ల సవరణ వేశారు, జవాబులను జాగ్రత్తగా తీసుకోవాలని. ఆ జాగ్రత్త ఎవరు పడాలో రాయలేదు.

శాఖవాళ్లది ఇంకో దారి. సవరణలతో వాళ్లకు పని లేదు. బండి మళ్లీ కావాలంటే, ఊపిరి ఇబ్బంది ఉన్నవాళ్లు ఒక్కొక్కరూ ఫారం నింపి సంతకం పెట్టి ఇవ్వాలి, లైన్లన్నిటిలో తగినంత మంది ఉంటేనే చూస్తాం అన్నారు. అంటే ఇన్నేళ్లు దాచినదాన్ని ఒప్పుకుని, పేరూ ఇంటి నంబరూ రాసి ఇవ్వాలి. అప్పటికి నేను రిటైరై పదిహేను రోజులు. లక్కూరు అమ్మాయి సెలవు పెట్టి నాతో వచ్చింది.

పొద్దున్నుంచి రెండు లైన్లు తిరిగాం. ఒక్క ఫారమూ నిండలేదు. మాకేమి, మేము బాగుండాము అన్నారందరూ. కొందరు కాఫీ ఇచ్చారు. ఒకాయన బస్కీ తీసి చూపిస్తానన్నాడు, వద్దని దండం పెట్టాను. మూడో లైనులో పెదనాయన ఇంటికి వచ్చాం. వసారాలో నేల మీదే కూర్చుండిపోయాను.

"లేదని చెప్పినాను గదమ్మా," అన్నాడు ఆయన ఫారం చూసి. "ఎన్నితూర్లు అడుగుతావు?"

"పెదనాయనా, నీకు ఒక మాట చెప్పాల. బండి నిలిచిపోయింది నా వల్లనే."

ఆయన నా వైపు చూశాడు. పెద్దమ్మ గడపలోనే ఆగిపోయింది.

"మీరు చెప్పిందంతా ఒక పుస్తకంలో అచ్చేసినారు. అది నిజమా కాదా చెప్పమని నాకే పంపినారు. నిజమే అని రాసి సంతకం పెట్టినాను."

"నిజమని రాసినావా?"

"రాసినాను."

"మీ నాయిన ఎట్ల పోయినాడో చూసినావు గదా నువ్వు?"

"చూసినాను."

ఆయన మొహం తిప్పుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. లక్కూరు అమ్మాయి వాకిట్లో నిలబడి చేతిలోని ఫారాలనే చూస్తూ ఉంది.

"ఇప్పుడు ఉండాదని రాసిస్తేనే బండి వస్తాది," అన్నాను.

"రాసిస్తే ఇల్లు?"

"ఇల్లు పోదని నేను చెప్పలేను పెదనాయనా. పోతాదని కూడా ఏ కాగితంలోనూ లేదు. నాకు తెలీదు."

"ఇంత చదివి తెలీదంటే ఎట్లమ్మా?" అన్నాడు. ఎగతాళిగా కాదు, నిజంగానే అడిగాడు. నా ఉద్యోగమంతా నమ్మవచ్చు, నమ్మరాదు అని రాస్తూ బతికినదాన్ని, ఆ ఒక్క ప్రశ్నకు ఏమీ చెప్పలేకపోయాను. ఏదో ఒకటి చెప్పి ఆ సంతకం పెట్టించుకోవచ్చని తెలుసు. అప్పటికే ఒకసారి తెలియకుండా భరోసా ఇచ్చాను. రెండోసారి ఇవ్వబుద్ధి కాలేదు.

ఫారాలు సర్దుకుని లేవబోతుంటే పెద్దమ్మ గడప దాటి వాకిట్లోకి వచ్చింది. కొంగు నడుముకు దోపుకుంది.

"రాసుకో పాపా," అంది. గొంతు తగ్గించలేదు. లైనులో చివరి ఇంటిదాకా వినిపించేట్టు అంది. "నా మొగుడికి ఊపిరి ఆడదు. ఈ పొద్దు కాదు, గనిలో ఉన్నప్పటినుంచీ ఆడదు. పండుకోలేడు. గోడకి ఆనుకుని కూర్చునే నిద్రపోతాడు. నేను దాచినాను. రాసుకో."

"నోరు ముయ్యే," అన్నాడు పెదనాయన. అనగానే దగ్గు అందుకుంది. వంగిపోయాడు. ఒక చేయి గోడకు, ఒక చేయి రొమ్ముకు. లైనులో ఒక్కొక్క వాకిట్లోకీ మనుషులు వచ్చి నిలబడ్డారు. ఇన్నేళ్లూ గోడల అవతల నుంచి విన్న దగ్గును అందరూ ఎదురుగా నిలబడి చూశారు. పెద్దమ్మ ఆయన వీపు రాస్తూ, "దగ్గు. బాగా దగ్గు. ఇంగ ఎవురికి దాచేది?" అంది.

పక్కింటామె చేటలో బియ్యం ఏరుతోంది. చేట కింద పెట్టి, చేతులు దులుపుకుని, "మా ఇంటాయనది కూడా రాసుకోమ్మా," అంది. లోపలి నుంచి ఒక మగగొంతు ఏదో అరిచింది. ఆమె వెనక్కి కూడా చూడలేదు. లక్కూరు అమ్మాయి ఫారం తీసుకుని ఆమె దగ్గరికి పరిగెత్తింది. వ్యాసంలో మగవాళ్లనే అడిగారు. ఆ ఇళ్లలో రాత్రుళ్లు మేలుకుని ఉండేది ఆడవాళ్లని వాళ్లకూ తోచలేదు, నాకూ తోచలేదు.

"సంతకం మాత్రం ఆయనే పెట్టాల పెద్దమ్మా," అన్నాను.

దగ్గు తగ్గాక పెదనాయన కళ్లు తుడుచుకుని ఫారం లాక్కున్నాడు. చాలాసేపు చూశాడు. "ఇల్లు పోతే?" అన్నాడు, నాతో కాదు, ఆమెతో.

"పోతే ఈ పాప ఇంటికి పోదాము. రాబర్ట్‌సన్‌పేటలో ఇల్లు ఉండాది గదా," అంది పెద్దమ్మ. అని నా వైపు తిరిగింది. నవ్వడం లేదు. "పెట్టుకుంటావా?"

"రండి," అన్నాను. నేనూ నవ్వలేదు.

"యాడ పెట్టాల?" అని అడిగాడు ఆయన. చోటు చూపించాను. ఒక్కో అక్షరమూ కూడబలుక్కుంటూ, నెమ్మదిగా పేరు రాశాడు.

బండి ఇప్పుడు పదిహేను రోజులకోసారి వస్తోంది. ఇదివరకు వారం వారం వచ్చేది. లక్కూరు అమ్మాయి ఇప్పుడు నా కుర్చీలో ఉంది, ఏ వ్యాసం వచ్చినా ముందు బస్సెక్కి ఆ ఊరికి పోతుందట, పై అధికారులు విసుక్కుంటున్నారట. విసుక్కోనివ్వండి. ఇల్లు ఖాళీ చేయమని లైన్లలో ఎవరికీ ఇంతవరకు ఏ కాగితమూ రాలేదు. రాదని మాత్రం నేను ఇప్పటికీ చెప్పలేను. అందుకని ముప్పై ఏళ్లుగా పోగేసిన పత్రికలన్నీ పాత పేపర్లవాడికి ఇచ్చేసి, ముందు గది ఖాళీ చేశాను. రెండు మంచాలు వేసి ఉంచాను.